గానుగ కాడి అంటు

కడపలో ఏడురోడ్ల కాడ ఒక చెరుకురసం బండి ఉంటుంది. ఎండలు ముదిరితే దాని చుట్టూ మనుషులు ఈగల మాదిరి మూగుతారు. ఈగలు మాత్రం మనుషుల కంటే మర్యాదగా పిప్పి బుట్ట అంచున వరుసగా కూర్చొని తమ వంతు కోసం చూస్తుంటాయి. మొన్న ఆ దారిన పోతూ కొంచెం సేపు నిలబడినాను, తాగడానికి కాదు, చూడడానికి. బండాయన ఎంగిలి గ్లాసులను ఒక బకెట్టులో ముంచి తీస్తున్నాడు. ముంచడమే, కడగడం కాదు. బకెట్టులో నీళ్ళు కళ్ళాపి రంగుకు తిరిగినాయి.

"ఏమప్పా, ఆ నీళ్ళు ఎప్పుడు పట్టినవి?" అన్నాను.

"పొద్దున పట్టినవే పెద్దాయనా. మంచినీళ్ళే."

పక్కన కాలేజీ పిల్లకాయలు నవ్వినారు. "తాతకు షుగరు ఉన్నట్టుండాది, తాగలేక మన మీద పడి ఏడుస్తాండాడు" అన్నాడు ఒకడు.

"నాకు షుగరు లేదు నాయనా, గ్యాపకం ఉండాది" అని వచ్చేసినాను. వాళ్ళకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని వాళ్ళకు పనేమీ లేదు కూడా.

మంచినీళ్ళు. ఆ మాట మీద నాకు ఉన్నంత కోపం ఏ మనిషి మీదా లేదు. మా సీమలో నీళ్ళు రెండే జాతులు, ఉప్పునీళ్ళు, మంచినీళ్ళు. నాలుకకు చవుడు తగలకపోతే చాలు, అవి మంచివి. అందులో ఎద్దు మూత్రం పోసిందా, ఎవరైనా కడుక్కున్నారా అని అడిగినవాడు లేడు. తీపిగా ఉండేదంతా మంచిదనుకునే జాతి మనది. నీళ్ళ కోసం నాలుక పీక్కుపోయిన జాతికి అంతకంటే తెలివి ఎట్లా వస్తుందిలే అని ఒక్కోసారి నన్ను నేను సముదాయించుకుంటాను. కానీ మా అక్క గుర్తుకొస్తే ఆ సముదాయింపు నిలవదు.

మాది బద్వేలు దిక్కు మెట్ట ఊరు. కొర్రా జొన్నా పండితే పండినట్టు, లేకపోతే ఆకాశం దిక్కు చూసి తిట్టుకున్నట్టు. నేను బడికి పోయినవాణ్ణి కాదు. అక్షరాలు నాకు బద్వేలులో ఒక కిరాణా అంగట్లో పొట్లాలు కట్టే పని నేర్పింది. పాత పత్రికలు చింపే ముందు చదివేవాణ్ణి. సగం వార్త చదివేసరికి మిగిలిన సగం ఎవరి చింతపండుతోనో వాళ్ళింటికి పోయేది. అట్లా సగం సగంగా చదువుకున్నవాణ్ణి కాబట్టే, నిండా చదువుకున్నోళ్ళు మాట్లాడితే ఆ మాటను ఇటూ అటూ తిప్పి చూసే గుణం నాకు పట్టుకుంది.

మా అక్కను కాలవ కింద ఇచ్చినారు. మా మెట్టలో "కాలవ కింద ఇచ్చినాం" అంటే ఆ ఆడపిల్ల బతుకు పండినట్టే లెక్క. కర్నూలు నుంచి కడప దాకా వచ్చే ఆ కాలవ పొడుగునా వరీ, పసుపూ, చెరుకూ. ఆమె మామ పెద్ద రైతు. మనిషి చెడ్డవాడు కాదు, అది ముందే చెప్తున్నాను. ఇంటికి వచ్చినోణ్ణి తినకుండా పంపేవాడు కాదు. ఆయన తప్పల్లా తనకు తెలిసిందానికి మించి లోకంలో ఇంకేమీ లేదనుకోవడమే. బావ ఆయన ముందర నోరెత్తేవాడు కాదు. ఆయన వెనక కూడా ఎత్తేవాడు కాదనేది తర్వాత తెలిసింది.

కర్నూలు రాజధానిగా ఉండి, ఆఫీసర్లు డేరాల్లో కాపురాలు చేస్తున్న కాలం అది. ఆ యేడు చలికాలంలో, మామ వాళ్ళ గానుగ మొదలయ్యే రోజుకు నన్ను పిలిచినారు. కోడలి తమ్మునిగా పోయినాను.

గానుగ మొదటి రోజుకు ఆ పక్క ఒక కట్టుబాటు ఉండేది. ఇనుప గానుగకు ఎద్దులను కట్టి, చెరుకు పెట్టి, పడిన రసాన్ని ఆ రోజు ఎవరొచ్చినా కడుపు నిండా పోయాల. దారిన పోయేవాణ్ణి కూడా పిలిచి పోయాల. ఉత్త నోటితో పంపితే బెల్లం కట్టదంటారు. పక్కనే పొయ్యి మీద పెద్ద కొప్పెరలో అదే రసం సలసల కాగుతుంటుంది. కానీ దాంట్లోది చుక్క కూడా నాలుక మీద వేసుకోకూడదు. మొదటి పాకం ముద్ద చేసి దేవునికి పెట్టినాకనే. అంటే చూడండి. కాగిన రసం దేవునికి, పచ్చి రసం మనిషికి. దేవునికి రోగమొస్తుందని భయమేమో.

"తాగప్పా, తాగు. మీ ఊర్లో నీళ్ళు కూడా ఇంత తియ్యగా ఉండవు" అన్నాడు మామ, నా చేతికి చెంబు ఇస్తూ.

"మా ఊర్లో అట్లాంటి నీళ్ళుంటే మా అక్కను మీకెందుకిస్తాం మామా" అన్నాను.

అందరూ నవ్వినారు. నేనూ కడుపు పట్టినంత తాగినాను. అల్లం దంచి వేసి, నిమ్మకాయ పిండిన పచ్చి చెరుకురసం. రుచి గురించి అబద్ధం చెప్పను. ఆ రుచి మళ్ళీ నా నోటికి తగలలేదు, తగలనియ్యలేదు.

తాగుతా చూసినాను. గానుగ కింద రేకు దోనె నుంచి రసం పూడ్చిపెట్టిన కడవలోకి పడుతుంది. కడవ మూతికి ఒక గుడ్డ కట్టి ఉంది, వడగట్టడానికి. ఆ గుడ్డకు పిప్పీ నురగా పేరుకొని రసం దిగకపోతే, చెరుకు పెట్టే మనిషి దాన్ని విప్పి పక్కన పారే పిల్లకాలవలో జాడించి, పిండి, మళ్ళీ కట్టేవాడు. తడి గుడ్డ అయితేనే రసం తొందరగా దిగుతుందని వాళ్ళ పనితనం. ఆ పిల్లకాలవకు కొంచెం పైన వంపు కాడ కంపచెట్లు ఉన్నాయి. పొద్దున్నే ఊరంతా చెంబులు పట్టుకొని పోయేది ఆ కంపచెట్ల చాటుకే. రైతులూ కూలోళ్ళూ అని తేడా లేదు, మామ కూడా ఆడికే పోయేవాడు. ఆ పొద్దున నేనూ పోయొచ్చినాను.

"మామా, గుడ్డను ఆ నీళ్ళలో జాడిస్తాండారే" అన్నాను.

ఆయన నన్ను ఒక ఎర్రి నాయాలను చూసినట్టు చూసినాడు. "పారే నీళ్ళకు అంటు ఉండదు అబ్బోడా" అన్నాడు.

ఆ మాట గుర్తు పెట్టుకోండి. అంటు. మన భాషలో ఇంత చిన్న మాట చేసినంత చేటు ఇంకే మాటా చేసి ఉండదు. ముట్టయిన ఆడది దూరంగా కూర్చుంటే అంటు. చావు జరిగిన ఇంట్లో అంటు. తిన్న గిన్నెలు అంట్లు. ఒకరి నుంచి ఒకరికి పాకే రోగం కూడా అంటు.

మా అక్క ఆ పొద్దు గానుగ కాడ లేదు. ముట్టయింది. ఇంటి వెనక గొడ్ల కొట్టం పక్కన ఒక చిన్న పాకలో చాప వేసుకొని ఉంది. పాలు మరవని కూతురు కూడా ఆమె దగ్గరే. వాళ్ళ నీళ్ళు వేరే. ఇంటోళ్ళంతా కాలవ నీళ్ళు తాగేవాళ్ళు. బయట ఉండే ఆడోళ్ళకు మాత్రం పెరట్లో ఉన్న ఉప్పుబావి. పాత బావి, లోతుగా, గచ్చుతో కట్టింది. చవుడు నీళ్ళని దాన్ని గొడ్లకూ బట్టలకూ, ముట్టయినోళ్ళకూ వదిలేసినారు. ఆ నీళ్ళు పచ్చివి గొంతు దిగవని అక్క పిప్పి మంట మీద కాచి చల్లార్చుకొని తాగేది. రోగాల గురించి ఆమెకేమీ తెలియదు. కాస్తే చవుడు కొంచెం తగ్గినట్టుంటుంది, అంతే.

నేను ఒక చెంబు రసం పట్టుకొని ఆ పాక దిక్కు పోతుంటే అక్క అత్త అడ్డమొచ్చింది. ఆమె పెద్ద మనసున్న మనిషే, కోడల్ని కొట్టిందీ తిట్టిందీ నేను వినలేదు. "వద్దు నాయనా. కొత్త రసం. ముట్టుది తాగితే పాకం కుదరదు" అంది.

అక్క పాకలో నుంచి వినింది. "పోనీలే అబ్బీ, నువ్వే తాగు. నాకు ఉప్పునీళ్ళు అలవాటయినాయి" అని నవ్వింది.

మరుసటి రోజు తెల్లవారేసరికి ఆ ఇంట్లో వాంతులూ బేదులూ మొదలయినాయి. ముందు చెరుకు పెట్టే మనిషి, తర్వాత అత్త, బావ, నేను. ఊర్లో ఇంకా కొన్ని ఇళ్ళలో. కాళ్ళు ఈడ్చుకొని పోయి, పిక్కలు ముడులు పడి, కళ్ళు లోపలికి పోయి, నాలుక ఎండిన తోలయింది. మామకు మాత్రం ఏమీ కాలేదు. ఆయనా అందరితో పాటే తాగినాడు. ఆయన కడుపు ఎట్లాంటిదో ఆ దేవునికి తెలియాల. ఆయనకేమీ కాకపోవడమే తర్వాత మా కొంప ముంచింది.

ఇంట్లో చేసేవాళ్ళు లేరు. అక్క ఇంకా తలకు నీళ్ళు పోసుకోలేదు, పోసుకునే రోజు కాలేదు. అయినా పాక వదిలి లోపలికి వచ్చింది. బిడ్డను పక్కింటామెకు ఇచ్చి, కాచిన ఉప్పుబావి నీళ్ళు చెంబుతో తెచ్చి, నిన్న మిగిలిన బెల్లం గడ్డ ఇంత వేసి నా నోట్లో పోసింది. పొగ వాసన, చవుడు, పైన తీపి. ముందు కక్కినాను. మళ్ళీ పోసింది. బావకు పోసింది, చెరుకు పెట్టే మనిషికి పోసింది.

అత్త దగ్గరికి పోతే ఆమె మూతి పక్కకు తిప్పుకుంది.

"నువ్వు బయటుండేదానివి, లోపలికి ఎందుకొస్తివి?"

"నోరు తడుపుకో అత్తా."

"ఏం నీళ్ళవి?"

"బావి నీళ్ళే. కాచినా."

"ముట్టోళ్ళ నీళ్ళు తాగి, ముట్టుదాని చేత్తో తాగి నేను పోతే నా గతేమి? కాలవ నీళ్ళు తెమ్మను. మంచినీళ్ళు తెమ్మను."

ఆమెకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చినారు. మామే స్వయంగా పోయి, ఆ పిల్లకాలవలోనే ముంచి తెచ్చి, పెళ్ళాం తల పట్టుకొని ప్రేమగా తాపినాడు. కడప పెద్దాస్పత్రికి పోదామని బండి కట్టేలోగా ఆమె పోయింది. ప్రేమగా తాపినాడు అన్నాను చూడండి, ఆ మాట నేను ఎగతాళికి అనలేదు. ఆమె గడ్డం కింద కారిన నీళ్ళను ఆయన తన పైపంచెతో తుడవడం నేను పడుకున్న చోటి నుంచే చూసినాను.

దినాలు కాకముందే హెల్తు ఆఫీసరు వచ్చినాడు. టోపీ, చేతిలో తోలు పెట్టె, వెనక ఒక బంట్రోతు. అందరినీ వసారాలో వరుసగా నిలబెట్టి సూదులు వేసినాడు. ఆడిదాకా బాగుంది. తర్వాత ఎర్రమందు తీసి "బావులు ఎక్కడున్నాయి?" అన్నాడు. ఆ ఇంట్లో ఉన్న బావి ఒకటే, ఉప్పుబావి. దాంట్లో పోసినాడు. నీళ్ళు వంకాయ రంగుకు తిరిగినాయి.

"అయ్యా, మేము తాగేది కాలవ నీళ్ళు" అన్నాను. నాకు ఇంకా లేచి నిలబడే ఓపిక లేదు, గోడకు ఆనుకొని కూర్చున్నాను.

"కాలవలో మందు పోస్తే నిలుస్తుందా? నాకున్న ఆర్డరు బావులకు" అన్నాడు. ఆ తర్వాత వసారా మెట్టు మీద నిలబడి, బడిపంతులు పాఠం చెప్పినట్టు చెప్పినాడు. "ఇది అంటువ్యాధి. అంటు వలన వచ్చును. కావున అందరూ శుభ్రత పాటించవలెను."

అంత చెప్పి, మామ ఇచ్చిన బెల్లం ముద్దలు బంట్రోతుకు మోయిచ్చి, బండెక్కి పోయినాడు. ఏది శుభ్రం, ఎట్లా శుభ్రం అని చెప్పి ఉంటే ఆయన నోరు అరిగిపోయేదా? నీళ్ళు కాచుకోండి అనే రెండు ముక్కలు ఆయనకు రాలేదు. అంటు అనే ముక్క మాత్రం ఆ వసారాలో పడేసి పోయినాడు.

దాన్ని మామ తమ్ముడొకాయన ఏరుకున్నాడు. "ఇన్నారా? సర్కారాయనే చెప్పె. అంటు వల్ల వచ్చిందంట" అన్నాడు.

"అంటు యాడిది?" అని ఎవరో అడిగినారు.

అందరి కళ్ళూ గొడ్ల కొట్టం దిక్కు తిరిగినాయి.

పెద్దకర్మ అయినాక అదే వసారాలో కూర్చున్నారు. నేను ఊరికి పోకుండా ఉండిపోయినాను. ఓపిక తెచ్చుకొని గుడ్డ సంగతి మొదలు పెట్టినాను. కంపచెట్లు, పిల్లకాలవ, గుడ్డ, కడవ, అన్నీ వరుసగా చెప్పినాను. మామ తల వంచుకొని విని, "ఆ రసం నేను తాగలే? నాకేమాయె?" అన్నాడు.

"అందరి కడుపూ ఒకటి కాదు మామా."

"రసంలోనే ఉంటే అందరికీ రావల్ల. నీళ్ళలో ఉంటే అందరికీ రావల్ల." ఆయన గొంతులో కోపం లేదు. పెళ్ళాన్ని పోగొట్టుకున్న మనిషి, ఎందుకు పోయిందో ఒక సమాధానం కావాల, అంతే. "ఇంట్లో మంచాన పడనిది నేనూ నీ అక్కా. నేను తాగి పడలేదు. ఆయమ్మి ఏల పడలేదు?"

"రసం తాగలేదు కాబట్టి పడలేదు" అన్నాను.

తమ్ముడాయన అందుకున్నాడు. "ఏల తాగలేదప్పా?"

"మీరే వద్దంటిరి గదా."

"మేమేల వద్దంటిమి?"

"ముట్టులో ఉండె కాబట్టి."

"అద్దో. నువ్వే చెప్తివి. అంటు ఉండె అని నువ్వే చెప్తివి. ఆ అంటుతోనే ఇంట్లోకి వచ్చె, ఆ చేత్తోనే మీ అందరికీ నీళ్ళు పోసె."

"ఆ నీళ్ళు తాగినోళ్ళమంతా బతికినాం. తాగని ఆమె ఒక్కతే పోయింది" అన్నాను.

"రోగం ముందే వచ్చె గదా, ముందు రోజు ఆయమ్మి గానుగ దారి తొక్కిందేమో ఎవరు చూసినారు?"

ఎటు పోయినా ఆ మాట చుట్టూ గానుగెద్దు మాదిరి తిరగడమే. నేను బావ ముఖం చూసినాను. ఆయనకు నీళ్ళు పోసి బతికించింది ఆమె. ఆయన గోరుతో వసారా గచ్చు గీరుకుంటూ కూర్చున్నాడు.

అక్కను కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండమన్నారు. బిడ్డను మాత్రం పంపలేదు. "మా ఇంటి పిల్ల, మెట్టలో ఏం తిని పెరుగుతాది" అన్నారు. పాలు కట్టుకొని, రొమ్ములు రాళ్ళయి, అక్క బండిలో నా పక్కన కూర్చొని వచ్చింది. ఆ తర్వాత ఉప్పుబావిని రాళ్ళూ మన్నూ వేసి పూడ్చినారంట. ఎర్రమందు పడిన బావి చెడిపోయిందని. ఆ ఊర్లో ఆ యేడు మందు పడిన నీళ్ళు అవే, వాటినే పూడ్చినారు.

వానలు పడినాయి, పోయినాయి. మా అమ్మా నాయనా ఎన్ని సార్లు పోయినా బిడ్డను వాకిట్లో నుంచే చూపించి పంపేవాళ్ళు. బావకు మారుమనువు చూస్తున్నారనే మాట బద్వేలు అంగటికి సరుకు కోసం వచ్చిన వాళ్ళ ఊరాయన చెప్తే విన్నాను. ఇంటికి పోయి చెప్పక తప్పలేదు. అక్క చేటలో కొర్రలు చెరుగుతూ ఉంది. చెరగడం ఆపలేదు.

"నా బిడ్డకు ఇంకొకతె అమ్మ అయితే దానికి నేను గుర్తుంటానా అబ్బీ?" అని మాత్రం అడిగింది.

మళ్ళీ చెరుకు కొట్టే కాలం వచ్చింది. పెద్దమనుషులు ఒక దారి చెప్పి పంపినారు. గానుగ మొదటి రోజు అక్క వచ్చి, అందరి ముందరా ప్రమాణం చేసి, మొదటి చెంబు రసం తాగాల. తప్పు ఉంటే రసమే చెప్తుంది. లేదంటే ఇంట్లోకి పోవచ్చు. మా నాయన ఒప్పుకున్నాడు. అక్క అప్పటికే కొప్పు ముడుచుకొని బయల్దేరడానికి లేచింది.

గానుగ అదే, కాలవ అదే. కంపచెట్లు ఇంకా చిక్కగా పెరిగినాయి. కడవ మూతికి గుడ్డ, దాన్ని పిల్లకాలవలో జాడించి తెచ్చి నా కళ్ళ ముందరే కట్టినారు. ఆ నీళ్ళు ఇంకా కారుతున్నాయి.

నేను మామ కాళ్ళు పట్టుకున్నాను. జీవితంలో నేను ఇంకొకరి కాళ్ళు పట్టుకోలేదు. "మామా, ప్రమాణం చేస్తాది, తాగుతాది. ఆ గుడ్డను ఒక్కసారి కొప్పెరలో ముంచి తీయండి. ఆ కడవను కాగే నీళ్ళతో తొలపండి. ఇంకేమీ అడగను."

"దేవుని కొప్పెరలో గుడ్డ ముంచేదా?"

"అయితే ఆ రసాన్నే వేరే చెంబులో కాచి ఇయ్యండి."

ఆయన చుట్టూ చూసి, నిజంగానే అర్థం కాక అన్నాడు. "కాచిన రసంతో ఎవరైనా ప్రమాణం చేస్తారా అప్పా? కాస్తే దాంట్లో సత్యం ఏముంటాది?"

జనం కొందరు నవ్వినారు. తమ్ముడాయన, "బద్వేలు అబ్బోడు అంగట్లో కాగితాలు తిని పెరిగినాడు" అన్నాడు.

అక్క నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపింది. ఆ గుడ్డ సంగతి ఆమెకు నేను పుట్టింట్లో యాడాది పొడుగునా చెప్పి ఉన్నాను. ఆ నీళ్ళు ఎక్కడివో ఆమెకు తెలుసు. తెలిసే చెంబు తీసుకుంది. ఆ పక్క పొయ్యి మీద కొప్పెర కాగుతూ ఉంది. అడుగు దూరం. ఆమె కూతురు తమ్ముడాయన పెళ్ళాం చంకలో ఉండి తల్లిని పరాయిదాన్ని చూసినట్టు చూస్తుంది. అక్క ఆ పిల్ల దిక్కే చూస్తూ, ఎత్తిన చెంబు దించకుండా తాగింది.

ఆమెను ఆ పాకలోనే పెట్టి కాపలా కాసినారు. నేను గొడ్ల కొట్టంలో కూర్చొని ఆమె ప్రతి దగ్గూ లెక్క పెట్టినాను. ఏమీ కాలేదు. కడుపు నొప్పి కూడా రాలేదు. ఆ యేడు పై ఊర్లలో రోగం లేదు, నీళ్ళలోకి రాలేదు, అంతే సంగతి. కానీ ఆ సంగతి ఎవరికి కావాల?

మామ వచ్చి కోడలి తల మీద చెయ్యి పెట్టి ఏడ్చినాడు. బిడ్డను తెచ్చి ఒళ్ళో వేసినాడు. నా వీపు తట్టి, "చూసినావా అబ్బోడా. ఆయమ్మిలో తప్పు లేదు, మన నీళ్ళలోనూ తప్పు లేదు" అన్నాడు. ఊరంతా ఆ రోజు మళ్ళీ రసం తాగింది, నాకు కూడా చెంబు చూపించి మరీ.

నిజం చెప్పినోడు ఓడిపోవాలంటే పెద్ద కుట్రలేమీ అక్కర్లేదు. వాడికి ఇష్టమైన మనిషి బతికితే చాలు.

ఏండ్లు గడిచినాయి. మామ పోయినాడు, అక్క ఆ ఇంటికి పెద్దయింది. ఒకసారి నేను పోతే ఇంట్లో తాగే నీళ్ళు కాచి, గుడ్డ కట్టిన కుండలో పోసి ఉన్నాయి. గానుగ కాడికి పోతే వడగట్టే గుడ్డను చెరుకు పెట్టే మనిషి వేరే కుండలో కాగే నీళ్ళలో ముంచి, కట్టెతో తీసి కడుతున్నాడు. నా కళ్ళను నేను నమ్మలేదు.

"ఎట్ల ఒప్పించినావుమే వీళ్ళను? నా నోరు పడిపోయినా ఇనలేదే?"

"నేను ఒప్పియ్యలేదు అబ్బీ. మా అత్త కలలోకొచ్చి చెప్పిందన్నా. ఈ ఇంట్లో పచ్చినీళ్ళు అంటు, పొయ్యి తగలని గుడ్డ అంటు అని చెప్పిందన్నా. మారు మాట్లాడినోడు లేడు."

"నిజంగా కలలోకి వచ్చిందా?"

"ఆమె నా కలలోకి ఎందుకొస్తాది? నా చేతి నీళ్ళే తాగలేదు" అంది. మళ్ళీ తనే, "ఆ పొద్దు నేను సచ్చింటే నీ మాట గెలిచుండేది గదా" అంది. ముఖాన నవ్వుంది. నేను నవ్వలేకపోయినాను. ఆమె చెంబు ఎత్తినప్పుడు ఆ లెక్క కూడా వేసుకునే ఎత్తిందని నాకు అప్పుడే తెలిసింది.

అక్క పోయి ఇప్పటికి చాన్నాళ్ళయింది. ఆమె మనమడు కడపలో వకీలు. సైన్సు కూడా చదివినాడు, మాట చక్కగా మాట్లాడతాడు. ఆ ఇంటికి వాడే ఇప్పుడు పెద్ద, ఇంటిల్లిపాదినీ కడపకు తెచ్చి ఏడురోడ్ల దగ్గరే కాపురం పెట్టినాడు. పోయిన వేసవిలో పోతే అక్క కాలం నుంచి ఉన్న నీళ్ళ కుండ లేదు, పొయ్యి మీద గిన్నె లేదు. ఏమిరా అంటే,

"అవన్నీ అవ్వ మూఢనమ్మకాలు తాతా. పచ్చినీళ్ళు అంటంట. ఈ కాలంలో కూడా అంటూ ముట్టూ ఏంది? అన్నీ తీసేసినాం" అన్నాడు.

వాడు అన్నదాంట్లో తప్పు లేదు, అంటూ ముట్టూ పోవాల్సిందే. మీ అవ్వకు అంటు అనే ఆ మాట తప్ప ఇంకే మాటా చేతికి ఇయ్యలేదురా మీ పెద్దోళ్ళు అని చెప్పబోయినాను. వాడు అప్పటికే లోపలికి కేకేసి, ఎండన పడి వచ్చిన నాకు తాగడానికి తెప్పించినాడు. ఏడురోడ్ల కాడి నుంచి, ప్లాస్టిక్ కవర్లో, ఐసు వేసి.

"తాగు తాతా. పచ్చిది, ఇప్పుడు తీసిందే" అన్నాడు.

నేను ఆ కవరు చేతిలో పట్టుకొని దాంట్లో ఐసు కరిగి రసం వేడెక్కేదాకా కూర్చున్నాను.